మీటరు చూసి ధర కట్టెటోళ్ళకు

పాత కారు కొనడానికి పోయినోళ్ళు మొట్టమొదలు చేసే పని ఒకటే. డ్రైవరు దిక్కు డోరు తీసి, తల లోపటికి పెట్టి మీటరు చూస్తరు. అరవై వేల కిలోమీటర్లుంటే మొఖం కళకళలాడుతది. రెండు లక్షలు దాటితే మూతి ముడుస్తరు. బానెట్ ఎత్తక ముందే సగం ధర తేలిపోతది. బండి ఎవరు నడిపిన్రు, ఏ రోడ్డు మీద నడిపిన్రు, ఆయిల్ ఎన్ని దినాలకు మార్చిన్రు, ఎవరి చెయ్యి పడ్డది అని అడిగెటోళ్ళు వందల ఒక్కరు గూడ ఉండరు.

ఒక్క అంకె చూసి, ఒక్క పేరు చూసి, ఒక్క గడ్డం చూసి మొత్తం బతుకును తేల్చేసుడు మాకు కొత్త కాదు. అందుకే ఈ ముచ్చట రాస్తున్న. ఇది రెండు లక్షల అరవై మూడు వేల కిలోమీటర్లు తిరిగిన ఒక స్పోర్ట్స్ కారు ముచ్చట. న్యాల్‌కల్‌కు స్పోర్ట్స్ కారుకు ఏం సంబంధమని నవ్వకండి. మా భాయ్‌జాన్ ఎనిమిది నెలల జీతం ఆ కారుల ఇరుక్కున్నది. దాని విలువ కట్టుడంటే మా ఇంటి విలువ కట్టుడే అయింది.

మాది న్యాల్‌కల్. జహీరాబాద్‌కు ఆవల, బీదర్‌కు ఈవల. 2016 దాకా మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. ఇంట్ల ఉర్దూ, బజార్ల తెలుగు, సంతల కన్నడం. మా అమ్మీ ఒక్క మాటల మూడూ కలిపేస్తది. అందుల ఏది మా భాష అని ఎవరన్నా అడిగితే మేం జవాబు చెప్పలేం. మూడూ మావే.

మా అబ్బా ఎడ్ల బేరగాడు. మా దిక్కు ఎడ్లంటే దేవణి ఎడ్లు. లాతూరు జిల్లల దేవణి అనే ఊరి పేరు మీద వచ్చిన జాతి అది. ఉద్గీర్, బీదర్, జహీరాబాద్ దాకా రైతులు వాటి మీద పాణం పెడతరు. మా ఊర్ల పీర్ గైబ్ సాహెబ్ ఉర్సు వచ్చిందంటే అబ్బాకు తిండి యాదికుండకపోయేది. ఎద్దును చూడంగనే అందరి లెక్కనే ఆయన గూడ ముందుగాల నోరు తెరిచి పళ్ళు చూసెటోడు. కాని ధర చెప్పకపోయేటోడు. ఇరవై అడుగులు నడిపించెటోడు. ముందటి డెక్క పడ్డ కాడ వెనక డెక్క పడుతున్నదా లేదా అని చూసెటోడు. కాడి మోసిన మెడ మీద చెయ్యి వేసి నొక్కెటోడు. ఆ తర్వాతనే భుజం మీది రుమాలు తీసి, దాని కింద అవతలోని వేళ్ళు పట్టుకునేటోడు.

"పళ్ళు వయసు చెప్తయి బేటా. అది ఎసొంటోని చేతుల బతికిందో మెడ చెప్తది" అనెటోడు.

ఈ మాట నేను బడిల చదువుకున్న దేని కంటె ఎక్కువ యాదికున్నది. నేను తెలుగు మీడియం చదివి పంతులునైన. భాయ్‌జాన్ ఉర్దూ మీడియంల ఐదో తరగతి దాకే చదివిండు. 1986ల, పద్నాలుగేండ్ల వయసుల, అబ్బా చెయ్యి పట్టుకొని తీస్కపోయి జహీరాబాద్‌ల ఒక షెడ్డుల ఉస్తాద్ కాడ వదిలిండు.

అవి జహీరాబాద్‌ల నిస్సాన్ పేరు మోగుతున్న రోజులు. హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ జపాన్ నిస్సాన్‌తోటి పొత్తు కట్టి మా జహీరాబాద్‌ల ఫ్యాక్టరీ పెట్టింది. క్యాబ్‌స్టార్ అనే చిన్న లారీ తయారు చేసింది. ఆ పదేండ్లల్లనే దేశంల జపాన్ పొత్తుతోటి నాలుగు రకాల చిన్న లారీలు వచ్చినయి. డీసీఎం టొయోటా, స్వరాజ్ మాజ్డా, ఐషర్ మిత్సుబిషి, మా ఆల్విన్ నిస్సాన్. తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతిలకు పోయింది. ఇయ్యాల్టికీ అక్కడ బండ్లు తయారైతున్నయి. అంటే స్పోర్ట్స్ కారు అనే మాట మా ఊరికి రాకముందే నిస్సాన్ అనే మాట వచ్చింది. చెరుకు, ఆలుగడ్డ, అల్లం మోసే లారీ మీద వచ్చింది.

ఉస్తాద్ మొదటి ఏడాది పానా ముట్టనియ్యలే. కిరోసిన్ల నట్లు కడిగించిండు. రెండో ఏడు చెవి పెట్టమన్నడు. బండి షెడ్డుల అడుగు పెట్టంగనే కండ్లు మూసుకొని చెప్పాలె. ఏ సిలిండరు మిస్ కొడుతున్నది, బేరింగ్ మొరుగుతున్నదా, బెల్టు జారుతున్నదా. తప్పు చెప్తే నెత్తి మీద మొట్టికాయ. మూడో ఏటికి భాయ్‌జాన్‌కు మొట్టికాయలు ఆగిపోయినయి.

మా పనోళ్ళ గురించి మా దిక్కు రెండు మాటలు చెలామణిల ఉన్నయి. ఒకటి, "సాయబు చెయ్యి పడితే బండి బాగైతది." రెండోది, "సాయబు చెప్పిన రేటు మాత్రం నమ్మకు." ఈ రెండూ ఒక్కటే నోటి నుంచి, ఒక్కటే పూట వస్తయి. చెయ్యి మీద నమ్మకముంటది. మాట మీద ఉండది. బండి కింద పండుకున్నోని కంటె, నిలబడి చూసినోనికే ధర ఎక్కువ తెలుసన్నట్టు మాట్లాడతరు. పంక్చర్లు వేసెటోళ్ళని మమ్మల్ని ఎక్కిరించేటప్పుడు గూడ ఎవ్వరికీ ఒక్క సంగతి యాదికి రాదు. టైరుల గాలి లేకుంటే వాళ్ళు ఇల్లు చేరరు.

1998ల భాయ్‌జాన్ సౌదీ పోయిండు. దమ్మామ్‌ల సనయ్యా, అంటే గ్యారేజీలు, వర్క్‌షాపులు ఉండే బస్తీ. అక్కడ ఒక గ్యారేజీల పదిహేనేండ్లు చేసిండు. మా చెల్లె పెండ్లి, నా చదువు, ఇంటి పైకప్పు, అన్నీ ఆ జీతం మీదనే. చివరికి నెలకు 2,500 రియాళ్ళు.

2011ల సౌదీ సర్కారు నితాఖత్ పెట్టింది. ప్రతి కంపెనీల ఇంతమంది సౌదీ మనుషులే ఉండాలె అని లెక్క కట్టి, లెక్క తప్పిన కంపెనీలను ఎర్ర గుంపుల వేసింది. 2013ల దాన్ని గట్టిగ అమలు చేసింది. కాయిదాలు సక్కగ లేనోళ్ళు సరిచేసుకోవాలె, లేకుంటే దేశం విడవాలె అని గడువు పెట్టింది. ఆ గడువు పొడిగించుకుంట పోయి 2013 నవంబర్ 3 దాకా వచ్చింది. ఆ నెలలల్ల మన దిక్కోళ్ళు ఎంతమంది సంచులు సర్దుకొని వాపస్ వచ్చిన్రో ఊరూరికీ తెలుసు. భాయ్‌జాన్ గ్యారేజీ మూతకొచ్చింది. అప్పటికే ఎనిమిది నెలల జీతం బాకీ. ఇరవై వేల రియాళ్ళు.

కఫీల్ పిలిచి గ్యారేజీ వెనక రేకుల కింద దుమ్ము పట్టి ఉన్న కారు చూపించిండు. "నీ ఎనిమిది నెలలు ఇందుల ఉన్నయి, తీస్కో" అన్నడు.

ఆ కారు నిస్సాన్ త్రీ హండ్రెడ్ జెడ్‌ఎక్స్. 1993 మోడలు.

ఈ జెడ్ కారుకు ఒక కథ ఉన్నది. 1969ల జపాన్‌ల ఫెయిర్‌లేడీ జెడ్ అని, అమెరికాల డాట్సన్ టూ ఫార్టీ జెడ్ అని వచ్చింది. యుటాకా కటయామా అనే నిస్సాన్ అధికారి దాన్ని అమెరికాల నిలబెట్టిండు. అప్పటిదాకా స్పోర్ట్స్ కారంటే ధనవంతులకే. ఇది అందులో సగం ధరకు జీతగాళ్ళకు గూడ అందింది. 1989ల వచ్చిన రూపంల త్రీ హండ్రెడ్ జెడ్‌ఎక్స్‌కు మూడు లీటర్ల వీ-సిక్స్ ఇంజను. టర్బో లేనిది 222 హార్స్‌పవర్, రెండు టర్బోలున్నది 300. అమెరికాల 1996 దాకా అమ్మిన్రు, జపాన్‌ల 2000 దాకా తయారు చేసిన్రు. ఇది టర్బో లేని బండి. క్యాబ్‌స్టార్ మీద పానా పట్టుడు నేర్చుకున్నోని ముందర, అదే కంపెనీ పేరున్న కారు, ఎనిమిది నెలల కూలికి బదులు వచ్చి నిలబడ్డది.

భాయ్‌జాన్ హా అనలే, నా అనలే. మూడు రాత్రులు టైమడిగిండు. ఆ మూడు రాత్రులు నాకు ఫోన్ చేసి చెప్పిండు, నేను నోటుబుక్కుల రాసుకున్న. ఆ రాతలే ఇప్పుడు మీకు చెప్తున్న. మీరు ఏ పాత బండి కొన్నా పనికొస్తయి.

మొదటి రాత్రి చేతికి నూనె అంటలే. మీటరు నిజమా అబద్ధమా అన్నదే చూసిండు. ఇరవై ఏండ్లల్ల 2,63,000 అంటే రోజుకు 36 కిలోమీటర్లు. అది పెద్ద తిరుగుడు గాదు. బ్రేకు పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవరు సీటు అంచు చూసిండు. అన్నీ ఆ లెక్కకు తగ్గట్టే అరిగినయి. అరవై వేలు చూపించే మీటరు, నున్నగ అరిగిపోయిన పెడల్ ఒక్క బండిలనే కనబడితే మీటరు తిప్పిన్రన్నట్టు. ఇక్కడ మీటరు నిజమే చెప్పింది.

నిజం చెప్పినా అది సగమే. మొదటి యజమాని వారం వారం దమ్మామ్ నుంచి రియాద్ పోయొచ్చెటోడట. నాలుగు వందల కిలోమీటర్ల తిన్నటి రోడ్డు. అట్ల నడిచిన బండి ఇంజను ఒక్క వేడి మీద, ఒక్క గేరుల సాఫీగ తిరుగుతది. క్లచ్చుకు, బ్రేకుకు పని తక్కువ. అదే ఊర్ల తిరిగే బండి, సల్లటి ఇంజను మీద రోజుకు పదిసార్లు స్టార్టై, వేడెక్కకముందే బందైతది. ఆ బండికి అరవై వేలే ఎక్కువ. ఇంక పదేండ్లు ఎండల నిలబెట్టిన బండైతే మీటరు తక్కువే చూపిస్తది గాని రబ్బరు సీళ్ళు ఎండిపోతయి, హోసులు పగులుతయి, టాంకుల పెట్రోలు బంకైతది. తక్కువ తిరిగిందని ఎక్కువ పైసలిచ్చి, ఆ పైసలు మళ్ళ మెకానిక్‌కు ఇచ్చుకునుడే.

ఇంకో సంగతి. కొత్తల ఇరవై వేలకు అరవై వేలకు మధ్య ధర మస్తు పడుతది. కాని రెండు లక్షల ఇరవైకి రెండు లక్షల అరవైకి మధ్య పడేది కొంచెమే. అంత దూరం వచ్చినంక బండి విలువ అంకెల ఉండది, హాలత్‌ల ఉంటది.

రెండో యజమాని జవాను పోరడు. అక్కడ పోరలు తఫ్హీత్ అని కార్లను పక్కకు జార్చుకుంట ఆడుతరు. స్పోర్ట్స్ కారు అనంగనే ఇది చూడాలె. లారీని మోతబరువు చూసి అంచనా కడుతరు, స్పోర్ట్స్ కారును ఎంత ఆటాడిన్రో చూసి కట్టాలె. భాయ్‌జాన్ వెనక చక్రాల లోపలి రేకుకు చెయ్యి పెడితే కాలిన రబ్బరు తునకలు అంటి ఉన్నయి. డిఫరెన్షియల్ పట్టుకునే బుష్ చినిగిపోయింది. అయస్కాంతం పట్టుకొని బాడీ చుట్టు తిరిగిండు. ముందర కుడి మడ్‌గార్డు మీద అది నిలవలే. కింద రేకు కాదు, పుట్టీ ఉన్నది. డోర్ల సందులు మాత్రం సమానమున్నయి. ఛాసిస్ పట్టీల మీద వెల్డింగ్ మరక లేదు. మడ్‌గార్డు దెబ్బ మాఫ్ చేయొచ్చు, ఛాసిస్ దెబ్బ చేయరాదు.

రెండో రాత్రి దాటి తెల్లారుజామున ఇంజను స్టార్ట్ చేసిండు. ముందుగాల చెయ్యి పెట్టి సల్లగున్నదని చూసుకున్నడు. అమ్మెటోడు మీరు రాకముందే ఇంజను వేడి చేసి పెట్టిండంటే అనుమానపడాలె. స్టార్ట్ కాంగనే నీలం పొగ ఒక్క బుస్సు వచ్చి ఆగిపోయింది. అంటే వాల్వుల సీళ్ళు గట్టిపడ్డయి. నీలం పొగ ఆగకుండ వస్తే ఇంజను ఆయిల్ తింటున్నట్టు. ఇంజను వేడెక్కినంక గూడ తెల్ల పొగ ఆగకుంటే లోపటికి నీళ్ళు పోతున్నట్టు. నల్లగ వస్తే పెట్రోలు ఎక్కువ మండుతున్నట్టు. అన్ని పొగలూ ఒక్కటి గాదు.

తర్వాత ఆరు ప్లగ్గులు విప్పి కంప్రెషన్ గేజ్ పెట్టిండు. అంకె ఎంత అనే దాని కంటె ఆరు సిలిండర్ల మధ్య తేడా ఎంత అన్నదే ముఖ్యం. ఐదు దగ్గర దగ్గర వచ్చినయి. ఒకటి కొంచెం దిగింది. దాంట్ల చెంచాడు ఆయిల్ పోసి మళ్ళ చూస్తే పైకి లేసింది. ఆయిల్ పోస్తే లేసిందంటే లోపం రింగుల ఉన్నది. లేవకుంటే వాల్వుల ఉన్నట్టు. "బోర్‌కు ఇంకా టైమున్నది" అన్నడు ఫోన్ల. ఆ మాట విని మా అమ్మీ ఎందుకో కండ్లు తుడుసుకున్నది.

రోడ్డు మీద నడిపితే స్టీరింగ్ పక్కకు గుంజలే. ఏసీ మంచు లెక్క ఊదింది. ఆ ఎండల ఏసీ లేని కారు ఎవ్వరూ ముట్టుకోరు. జల్ది మారిస్తే సెకండ్ గేరు గరగరమన్నది.

మూడో రాత్రి కాయిదాలు. ఇస్తిమారా, అంటే మన ఆర్‌సీ. ఫహస్, అంటే ఫిట్‌నెస్. జుర్మానాలు ఏమన్న బాకీ ఉన్నయా. అన్నీ సక్కగనే ఉన్నయి. లేనిది ఒక్కటే కాయిదం. టైమింగ్ బెల్టు మార్చిన రసీదు.

ఈ ఇంజనుకు టైమింగ్ చైను ఉండది, రబ్బరు బెల్టు ఉంటది. కంపెనీ లెక్కల 60,000 మైళ్ళకు, అంటే సుమారు 96,000 కిలోమీటర్లకు మార్చాలె. మార్చకుండ అది తెగిందంటే పిస్టన్లు పోయి వాల్వులను కొడుతయి. ఒక్క క్షణంల ఇంజను ఖతం. తెగేముందు బెల్టు చప్పుడు చేయది, పొగ రాదు, మీటరు మీద బత్తి వెలుగది. చెవి పెట్టి వినే ఉస్తాద్‌కు గూడ అది దొరకది. కాయిదమే చెప్పాలె. కఫీల్ "మార్పించిన, వల్లా మార్పించిన" అన్నడు. భాయ్‌జాన్ ఒట్టును కాదనలే. "రసీదు లేని పని జరుగలే అనే లెక్క కట్టాలె" అన్నడు అంతే.

ఇగ పర్చీ రాసిండు. అంకెలు, మాటలు ఉర్దూల. ఐదో తరగతి దాక చదివిన ఉర్దూ అది. ఇక్కడ ఆయన పెట్టిన ఏ అర్జీకీ ఆ లిపి పనికి రాలే. అక్కడ ఒక అరబ్బు యజమాని ముందర పెడితే అక్షరం అక్షరం చదివిండు.

ఆ బస్తీల ఈ మోడలు సక్కగున్న బండ్లు నిజంగ అమ్ముడుపోయిన ధర 18,000. అడిగే ధర వేరు, అమ్ముడుపోయే ధర వేరు, రెండోదే పట్టుకోవాలె. సెకండ్ గేరు, దిగిన సిలిండరు బాగు చేయబోతే పెట్టిన పైసలు వాపస్ రావు, కాబట్టి కొనెటోనికి చెప్పి అమ్మాలె. దానికి 1,500 తీసేసిండు. మిగిలింది 16,500. బెల్టు, దాంతోటి మార్చే వాటర్ పంపు, టెన్షనరు, వాల్వు సీళ్ళు, వెనక బుష్, టైర్లు కలిపి సామాను 2,400. చేతి కూలి 60 గంటలు, గంటకు 50 చొప్పున 3,000. అన్నీ పోతే 11,100.

కఫీల్ పర్చీ చూసి నవ్విండట. సామాను ఖర్చు ఒప్పుకున్నడు. గేరు సంగతి ఒప్పుకున్నడు. కూలి కాడ వేలు పెట్టిండు. "ఇదేంది? నువ్వే మెకానిక్‌వు. నీ చెయ్యికి ఏం ఖర్చు?"

చూసిన్రా! ఇరవై వేలు బాకీ పడ్డదే ఆ చేతికి. ఆ చెయ్యికే ఖర్చు లేదట. ఈ మాట దమ్మామ్‌ల పుట్టింది గాదు. జహీరాబాద్ షెడ్డుల మేం చిన్నప్పటి నుంచి విన్నదే. "సామాను పైసలు తీస్కో సాయబూ, చెయ్యిదేముంది, నీ చెయ్యే గదా." ఇక్కడ ఆ మాట అన్నోడు హిందువు, అక్కడ అన్నోడు ముసల్మాన్. మతం ఒక్కటైనంత మాత్రాన కూలికి లెక్క రాలే. ఇది గూడ రాసుకోవాల్సిన సంగతే. మనోడు అనుకున్నోడు గూడ ధర కట్టేటప్పుడు యజమానే.

భాయ్‌జాన్ లొల్లి పెట్టలే. లోపటికి పోయి గ్యారేజీ బిల్లుబుక్కు తెచ్చి ముందర పెట్టిండు. గిరాకీలకు కఫీల్ రాసిచ్చిన బిల్లులు. ప్రతి బిల్లుల మజ్దూరీ గంటకు 50 రియాళ్ళు. పదిహేనేండ్లు ఆ చెయ్యినే ఆ రేటుకు అమ్ముకున్నడు. "ఈ రేటు నేను కట్టింది గాదు, నువ్వు కట్టిందే" అన్నడు.

కఫీల్ చాన సేపు బుక్కు తిరగేసి 11,000కు ఒప్పుకున్నడు. మిగిలిన 9,000 రెండు కిస్తులల్ల ఇస్తానని అదే పర్చీ కింద సంతకం చేసిండు.

కారు తెచ్చుకునే సవాలే లేదు. ఎడమ దిక్కు స్టీరింగ్ ఉన్న పాత బండిని మన దేశంలకు దిగుమతి చేసుకోనియ్యరు. పైగా పేరు మీద బండి ఉంటే సౌదీ నుంచి ఖురూజ్ దొరకది. అంటే అమ్ముడుపోని కారు కాలికి గొలుసు. ఎన్ని దినాలల్ల అమ్ముడుపోతది అన్నది గూడ విలువల ఒక భాగమే. తొందర ఉన్నోనికి ఏ బండికైనా ధర తక్కువే వస్తది.

ఐదు వారాలు, పగలు గ్యారేజీ ఖాళీ చేసే పని, రాత్రి ఆ కారు పని. బెల్టు విప్పి చూస్తే పండ్ల మొదట్ల పగుళ్ళున్నయి. ఒక ఇంజనీరు వచ్చి కొన్నడు. భాయ్‌జాన్ ఆయనకు ముందుగాల మంచి చెప్పలే, చెడు చెప్పిండు. సెకండ్ గేరు, దిగిన సిలిండరు, పుట్టీ పెట్టిన మడ్‌గార్డు. తర్వాత విప్పిన పాత బెల్టు, కొత్త బెల్టు రసీదు చేతిల పెట్టిండు. ఆయన బేరం ఎక్కువ సేపు చేయలే. 16,000 ఇచ్చిండు.

లెక్క చూడండి. 16,000ల నుంచి 11,000 పోంగ 5,000. సామాను 2,400 పోంగ 2,600. అరవై గంటలకు పంచితే గంటకు 43 రియాళ్ళ చిల్లర. పర్చీల రాసుకున్న 50 రాలే. అయినా తన చెయ్యికి తానే రేటు రాసి, దగ్గర దగ్గర దాన్ని సాధించుకున్నది బతుకుల అదే మొదటిసారి. మొదటి కిస్తు 5,000 వచ్చింది. అక్టోబర్‌ల భాయ్‌జాన్ ఇల్లు చేరిండు.

ఇప్పుడు జహీరాబాద్‌ల, హైదరాబాద్ - ముంబై రోడ్డు మీద ఆయనకు ఒక చిన్న షెడ్డున్నది. పాత బండ్లు కొనెటోళ్ళు చూపించుకోవడానికి వస్తరు. అప్పుడప్పుడు హైదరాబాద్ పోరలు పాత స్పోర్ట్స్ కార్లు గూడ తెస్తరు. అంకెలు వేరైనా పద్ధతి అదే. ఇక్కడైతే ఆర్‌సీల ఎన్నో యజమాని, ఫైనాన్సు బాకీ ఎక్కి ఉన్నదా, వేరే రాష్ట్రం బండైతే ఎన్‌ఓసీ వచ్చిందా, పదిహేనేండ్లు దాటితే రిజిస్ట్రేషన్ మళ్ళ చేయించిన్రా చూస్తడు. బీదర్ దగ్గరే గాబట్టి కర్ణాటక బండ్లు మస్తు వస్తయి. ఆ ఎన్‌ఓసీ ఒక్కటి లేకుంటే ఎంత మంచి ఇంజనైనా ఇంటి ముందర నిలబెట్టుకునుడే.

పోయిన ఏడాది ఒకాయన ఒక కారు తెచ్చిండు. భాయ్‌జాన్ రెండు గంటలు చూసి, "బేఫికర్ కొనండి, ఇంజను సాఫున్నది" అన్నడు. ఆయన సంతోషపడి ఆర్‌సీ చేతిలకు తీసుకున్నడు. పేరు చదివి, "సాయబుల బండా?" అని ఆగిపోయిండు. డాక్టరు నడిపిన బండి, పంతులు నడిపిన బండి అంటే ధర పెరుగుతది. మా పేరున్నదంటే ఇరవై వేలు తగ్గించమంటరు. ఇంజను అదే, ఛాసిస్ అదే. రెండు నిమిషాల కింద సాఫున్నదని విన్న చెవులు అవే. చెప్పింది గూడ ఒక సాయబే. ఆ మాటకు ఫీజు ఇచ్చి మరీ తీసుకున్నడు.

అందుకే అంటున్న. పేరు గూడ ఒక మీటరే. చూడొద్దని చెప్పను. మీటరు ఉన్నది చూడడానికే. కాని దాని కాడనే ఆగకండి. ఇంజను సల్లగున్నప్పుడు స్టార్ట్ చేయండి. పొగ రంగు చూడండి. రసీదులు అడగండి. విప్పి చూసినోని మాట వినండి, ఆ మాటకు పైసలియ్యండి. లెక్క రాసేటప్పుడు సామాను కింద చెయ్యి ఖర్చు గూడ రాయండి, ఆ చెయ్యి ఎవరిదైనా సరే.

భాయ్‌జాన్‌కు ఇప్పుడు యాభై దాటినయి. ఒక్క చెవి మందమైంది, మోకాళ్ళు వంగుతలేవు. పని మాత్రం తప్పుతలేదు. దమ్మామ్ పర్చీ మా ఇంట్ల సందుగుల ఉన్నది. ఉర్దూ అంకెల కింద కఫీల్ సంతకం, దాని కింద నా చేతిరాతల తెలుగుల ఒక వరుస ఉన్నది. రెండో కిస్తు, 4,000 రియాళ్ళు, రావాలె.